అందరూ అనండి

దుప్పటి ఒకపాటి తడిగా ఉన్నప్పుడే ఇస్త్రీ రోలర్‌కి ఎక్కాలి. ఆరిపోతే ముడతలు పోవు. మరీ తడిగా ఉంటే ఆవిరి మొహాన కొడుతుంది. హోటలు అడుగున, నేలమాళిగలో ఉన్న లాండ్రీలో ఆ రోలర్ దగ్గర నిలబడేది ఇద్దరు ఆడవాళ్ళు. పెద్దకోడలు, చిన్నకోడలు. నిజంగానే ఒకే ఇంటి తోటికోడళ్ళు. పెద్దామె ముందు చేరింది. కొన్నాళ్ళకి చిన్నామెను వెంటబెట్టుకొచ్చి "మా ఇంటి చిన్నకోడలు" అని అందరికీ చూపించింది. ఆ పూట నుంచి లాండ్రీ మొత్తానికి వాళ్ళు కోడళ్ళే అయిపోయారు. అసలు పేర్లు హాజరు పిలిచేవాడికి తప్ప ఎవరికీ గుర్తులేవు.

చెరో రెండు కొసలూ పట్టుకుని, దుప్పటిని ఒక్క విదిలింపు విదిలించి, అంచు తిన్నగా రోలర్ నోటికి అందించి వేళ్ళు వెనక్కి లాక్కోవాలి. ఇద్దరూ ఒకేసారి. ఒకరు ముందూ ఒకరు వెనకా అయితే దుప్పటి వంకరపోయి, మధ్యలో మడతపడి, కాలిన కాగితంలా గరగరలాడుతూ బయటికొస్తుంది. దాన్ని మళ్ళీ తడపాలి. ఇంట్లో గ్లాసు ఎక్కడ బోర్లించాలన్న దగ్గర కూడా పేచీ పెట్టుకునే ఈ ఇద్దరూ, రోలర్ దగ్గర మాత్రం మాటామంతీ లేకుండా ఒక్క ఊపులో పనిచేసేవారు. పెద్దకోడలు గడ్డం కాస్త ఎత్తేది. అదే లెక్క. గడ్డం లేచిందంటే దుప్పటి వెళ్ళిందన్నమాటే.

రోలర్ నెత్తిన పెద్ద ఫ్యాను ఒకటి ఉంది. ఉందని చెప్పుకోవడానికే. లోపలి వేడినీ ఆవిరినీ బయటికి లాగి పారేసే ఆ ఫ్యాను గొట్టం పైన తోటలోకి తెరుచుకుంటుంది. ఎండలు ముదిరేవేళకి హోటలువాళ్ళు సరిగ్గా ఆ గొట్టం పక్కనే, ఈతకొలను ఒడ్డున, కొత్త పడకకుర్చీలు వేశారు. ఆ వారంలోనే ఫ్యాను ఆగిపోయింది. స్విచ్చి మీద నల్లటేపు అడ్డంగా అంటించి, "ముట్టుకోవద్దు" అని చెప్పి వెళ్ళాడు సూపర్వైజరు. ఆయన్ని వెనకాల అందరూ సరేసార్ అంటారు. ఫోనెత్తితే ఆయన నోట ఇంకో మాట రాదు మరి.

అప్పటి నుంచీ మధ్యాహ్నం అయ్యేసరికి లాండ్రీలో గోడలు కూడా చెమటలు కక్కుతున్నాయి.

ఇంతలో ఇంగ్లీషు పాఠాలొకటి వచ్చిపడ్డాయి. హెడ్డాఫీసు నుంచి ఒక మేడమ్ హోటలంతా చూడ్డానికి వస్తోంది. ఆవిడకి ఇంగ్లీషు తప్ప మరొకటి రాదు. ఆవిడేదైనా అడిగితే పనివాళ్ళు నవ్వుమొహంతో ఇంగ్లీషులో బదులు చెప్పాలని మేనేజరు ఉత్తర్వు. పని దిగాక, ఒళ్ళంతా పచ్చిపుండులా ఉన్న వేళ, తువ్వాళ్ళ గదిలో మూటల మీద కూర్చుని అందరూ ఇంగ్లీషు నేర్చుకోవాలి.

చెప్పడానికి వచ్చే టీచరమ్మది వాళ్ళకన్నా గొప్ప ఓపికేం కాదు. ఎక్కడెక్కడో పాఠాలు చెప్పి చెప్పి చివరికి ఇక్కడికి చేరుతుంది. గొంతు బొంగురు. నోట్లో ఎప్పుడూ ఒక దగ్గుబిళ్ళ. గొంతు దాచుకోవడానికి ఆవిడ ఒక ఉపాయం పట్టింది. తను వాక్యం ఒక్కసారే చెబుతుంది. చేతిలో మార్కరు పైకెత్తి "అందరూ అనండి" అంటుంది. అందరూ ఒక్క గొంతుతో అంటారు. మళ్ళీ మార్కరు, మళ్ళీ అందరూ. కొద్దిరోజులకి "అందరూ అనండి" అనడం కూడా మానేసింది. వాక్యం వినబడితే చాలు, గది దానంతటదే తిరిగి పలికేది.

పెద్దకోడలికి ఇంగ్లీషంటే నిద్ర. మూటకి వీపు ఆనిందో లేదో కళ్ళు మూతపడేవి. విచిత్రమేమిటంటే, అందరూ అనేటప్పుడు ఆవిడ పెదాలూ కదిలేవి, గొంతూ వచ్చేది. నిద్రలోనే పాఠం అప్పజెబుతోందని అందరూ ఒకరినొకరు మోచేతులతో పొడుచుకుని నవ్వుకునేవారు.

"ఇవాళ పుట్ అప్" అంది టీచరమ్మ, మేడమ్ రావడానికి కాస్త ముందర ఒకనాడు. "చిన్నమాటే, కానీ వేషాలు ఎక్కువ. గోడకి కర్టెన్ తగిలిస్తే పుట్ అప్. ధర పెంచితే పుట్ అప్. చుట్టం వస్తే ఇంట్లో పడుకోవడానికి చోటిస్తే అదీ పుట్ అప్. దాని తోకకి విత్ తగిలించామా, అప్పుడు ఓర్చుకోవడం. ఇష్టం లేకపోయినా భరించడం."

వాషింగ్ మెషీన్లు చూసుకునే సబ్బు బాబాయి చెయ్యెత్తాడు. మోచేతుల దాకా తెల్లగా నానిపోయిన చెయ్యి అది.

"మా బావమరిది ఎండాకాలం ముందొచ్చాడండీ. ఇంకా వెళ్ళలేదు. అది ఏ పుట్ అప్‌లోకి వస్తుంది?"

"చోటిచ్చినందుకు పుట్ అప్, భరిస్తున్నందుకు పుట్ అప్ విత్."

"అయితే నాకు రెండూ రాసుకోండి."

గదంతా గొల్లుమంది. టీచరమ్మ కూడా నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక బోర్డు మీద ఒక వాక్యం రాసి, కింద గీత గీసింది.

"దీన్ని ఎక్కువగా కాదనడానికే వాడతారు. ముందు 'కాంట్' పెడతారు. ఇక మావల్ల కాదు, ఇక ఊరుకోం అని. వినండి. వి కాంట్ పుట్ అప్ విత్ ది నాయిస్. ఈ మోత మేం భరించలేం."

మార్కరు లేచింది. "వి కాంట్ పుట్ అప్ విత్ ది నాయిస్" అంది గది. పెద్దకోడలి పెదాలు కూడా అన్నాయి.

"భరిస్తున్నాం అనాలంటేనండీ?" అని అడిగింది చిన్నకోడలు.

"కాంట్ తీసేస్తే సరి. వి పుట్ అప్ విత్ ఇట్."

"అది తేలిగ్గానే ఉందే" అంది చిన్నకోడలు. టీచరమ్మ ఆమె వంక ఒక్క క్షణం చూసి, బోర్డు తుడిచేసింది.

మర్నాడు పని సగంలో పెద్దకోడలి గడ్డం లేవలేదు.

చిన్నకోడలు అలవాటు ప్రకారం దుప్పటి విదిలించి ముందుకి వంగింది. అవతలి కొసలు రాలేదు. తలెత్తి చూస్తే పెద్దకోడలు నిలబడే ఉంది, కళ్ళు తెరిచే ఉన్నాయి, కానీ ఆ కళ్ళలో మనిషి లేదు. దుప్పటి కొస పట్టుకున్న చెయ్యి మాత్రం రోలర్ నోటివైపు మెల్లగా జారుతోంది. చిన్నకోడలు ఎర్రమీట మీద పిడికిలితో కొట్టింది. రోలర్ ఆగింది. పెద్దకోడలు దుప్పట్ల తోపుడుబండి మీదికి ఒరిగిపోయింది.

వేళ్ళు బాగానే ఉన్నాయి. చిన్నకోడలు వాటిని ఒక్కొక్కటే పట్టి చూసింది. సబ్బు బాబాయి చల్లని తడిగుడ్డ తెచ్చి మెడ మీద వేశాడు. కాసేపటికి పెద్దకోడలు లేచి కూర్చుని, అందరూ తనచుట్టూ మూగినందుకు చిరాకు పడింది.

"ఏమైందిప్పుడు? పొద్దున ఏం తినలేదు, కళ్ళు తిరిగాయి. పొండి, పని చూసుకోండి."

"తిన్నావక్కా. నా కళ్ళముందే తిన్నావు."

"నువ్వు నోర్మూసుకో చిన్నా."

సరేసార్ వచ్చాడు. ఆయన చెడ్డవాడేం కాదు. పైనుంచి వచ్చిన మాటను కిందికి చేరవేయడమే తన ఉద్యోగమని నమ్మినవాడు, అంతే. అలాంటివాళ్ళతోనే ఎక్కువ కష్టం. చెడ్డవాడైతే తిట్టుకోనైనా తిట్టుకోవచ్చు.

"వేడి పడకపోతే ఇంట్లో ఉండొచ్చు కదమ్మా, ఎవరు బలవంతం చేశారు?" అన్నాడు. "మేడమ్ వచ్చి వెళ్ళేదాకా ఎలాగో లాగించండి. తర్వాత రోలర్ మీదికి వయసులో ఉన్నవాళ్ళని చూసుకుంటాం. మీకూ కాస్త విశ్రాంతి."

విశ్రాంతి అనే మాట వినగానే పెద్దకోడలి మొహం పాలిపోయింది. కళ్ళు తిరిగినప్పుడు కూడా అంతగా పాలిపోలేదు. లేచి నిలబడి, తన రెండు కొసలూ వెతుక్కుంది.

చిన్నకోడలు మాత్రం సరేసార్ వెనకాలే తలుపుదాకా వెళ్ళింది.

"మధ్యాహ్నం పూటయినా ఆ ఫ్యాను వేయించండి సార్. మీకు పుణ్యముంటుంది."

"నా చేతిలో లేదమ్మా. పైన గెస్టులు కంప్లయింట్ ఇచ్చారు. మేనేజరుగారు నాకు ఫోన్లో చదివి వినిపించారు కూడా. వి కాంట్ పుట్ అప్ విత్ ది నాయిస్. నేనేం చేయను?"

ఆయన వెళ్ళిపోయాడు. చిన్నకోడలు అక్కడే నిలబడిపోయింది. నిన్న బోర్డు మీద గీత గీసిన మాటలే. పైన పడకకుర్చీలో, నీడపట్టున, ఎవరో ఒక్కసారి అన్నారు, ఇక్కడ ఫ్యాను ఆగింది. టేపు అంటించారు. తాము మాత్రం అక్కలకీ బాబాయిలకీ గోడలకీ సొంతభాషలో ఎన్నిసార్లు చెప్పుకోలేదు? ఆమెకి ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. ఆ మాటకి ఫ్యానుని ఆపే బలం ఉంటే, తిప్పే బలం కూడా ఉండాలి కదా అనుకుంది.

ఆరోజు పాఠం అయ్యాక టీచరమ్మని మెట్ల దగ్గర పట్టుకుంది.

"టీచరమ్మా, ఈ వేడి మేం భరించలేం అని ఇంగ్లీషులో ఎలా అనాలండీ?"

టీచరమ్మ సంచీలో దగ్గుబిళ్ళ వెతుక్కుంటున్నదల్లా ఆగిపోయింది.

"ఎవరితో అంటావు?"

చిన్నకోడలు మెట్ల పైకి చూసింది.

"చూడమ్మా" అంది టీచరమ్మ గొంతు తగ్గించి. "నన్ను పెట్టుకున్నది మీకు నో ప్రాబ్లమ్ అనడం నేర్పడానికి. ఆ పనికే నేను వస్తున్నాను. ఇది పోతే నాకు ఇంకోటి వెతుక్కునే శక్తి లేదు. ఆ వాక్యం నా చేత చెప్పించకు."

"సరేనండీ" అంది చిన్నకోడలు. ఆవిడ మీద కోపం రాలేదు. తనింటి మనిషే మాట్లాడినట్టనిపించింది.

టీచరమ్మ నాలుగు మెట్లెక్కి, కమ్మీ పట్టుకుని నిలబడింది. వెనక్కి తిరక్కుండానే అంది.

"నిన్న చెప్పిన పాఠం నీ దగ్గరే ఉంది. నాయిస్ తీసేసి నీక్కావలసింది పెట్టుకుంటే ఎవరు వద్దంటారు? వేడిని హీట్ అంటారు. అది చిన్నపిల్లలకి కూడా తెలుసు."

ఇంటికి వెళ్ళేటప్పుడు బస్సులో పెద్దకోడలు తల చిన్నకోడలి భుజం మీదికి వాలింది. ఇంట్లో అయితే అంత చనువు ఇవ్వదు. చిన్నకోడలు కిటికీలోంచి చూస్తూ పెదాలు కదుపుతోంది.

"ఏంటే గొణుగుతున్నావు?" అంది పెద్దకోడలు కళ్ళు మూసుకునే.

"పాఠమక్కా."

"మేడమ్ ఎదుట పిచ్చివాగుడు వాగకు. నన్ను ఇంట్లో కూర్చోబెట్టారంటే నేను మనిషిని కాను. పొద్దున్నే లేచి బస్సెక్కడానికి ఒక చోటంటూ ఉండాలి చిన్నా. అది పోయాక నాకు ఇంట్లో ఏముంది? నిన్ను సాధించడం తప్ప."

"అదొక్కటీ చాలదా నీకు?"

పెద్దకోడలు నవ్వింది. ఆ నవ్వు భుజానికి తెలిసింది. చిన్నకోడలికి మాత్రం రోలర్ నోటివైపు జారిన ఆ వేళ్ళే కళ్ళముందు మెదిలాయి. మాట్లాడితే అక్క ఉద్యోగం పోవచ్చు. మాట్లాడకపోతే అక్క చెయ్యే పోవచ్చు. బస్సు దిగేదాకా ఆమెకి ఏదీ తెగలేదు.

మేడమ్ వచ్చిన రోజు పొద్దున్నుంచీ నేల తుడిచిందే తుడిచారు. చిరిగిన తువ్వాళ్ళని అటకెక్కించారు. సరేసార్ ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి "ఎనీ ప్రాబ్లమ్ అంటే?" అని అడిగి, "నో ప్రాబ్లమ్ మేడమ్" అని అప్పజెప్పించుకుని వెళ్ళాడు.

మేడమ్ వచ్చేసరికి లాండ్రీ నిప్పులగుండంలా ఉంది. పొడుగ్గా, చదును చెప్పులేసుకుని, పెద్ద కళ్ళజోడు పెట్టుకున్న మనిషి. తలుపు దాటి లోపలికి అడుగు పెట్టగానే కళ్ళజోడంతా ఆవిరి కమ్మేసింది. ఏమీ కనబడక అక్కడే ఆగి, అద్దాలు తుడుచుకుని పెట్టుకుంది. మళ్ళీ కమ్మేసింది. పక్కనున్న మేనేజరు ఏదో అని నవ్వాడు. ఆవిడా నవ్వింది. చివరికి కళ్ళజోడు చేత్తో పట్టుకునే రోలర్ దాకా వచ్చింది. కోడళ్ళిద్దరూ దుప్పట్లు అందిస్తూ ఉన్నారు. కాసేపు నిలబడి చూసి, మెచ్చుకున్నట్టు తలూపింది.

"ఎవ్రీథింగ్ ఆల్‌రైట్? ఎనీ ప్రాబ్లమ్?"

"నో ప్రాబ్లమ్ మేడమ్" అన్నారందరూ ఒక్క గొంతుతో. చిన్నకోడలు కూడా అంది. నోరు దానంతటదే అనేసింది. పాఠం అంత బాగా పట్టింది మరి.

మేడమ్ "గుడ్, గుడ్" అంటూ వెనక్కి తిరిగింది. ఆవిడ మూడడుగులు వేస్తే తలుపు. తలుపు మూసుకుంటే ఇంకేమీ లేదు, అక్కకి విశ్రాంతి. చేతిలో దుప్పటి కొసలు అలాగే పట్టుకుని చిన్నకోడలు అనేసింది.

"వి కాంట్ పుట్ అప్ విత్ ది హీట్."

గొంతు పెద్దగా రాలేదు. కానీ వినబడింది. మేడమ్ ఆగింది. సరేసార్ మొహం మీది నవ్వు అలాగే ఉండిపోయింది, తీయడం మరిచిపోయినట్టు. రోలర్ తిరుగుతున్న చప్పుడు తప్ప మరేం లేదు. ఎందుకన్నానురా భగవంతుడా అనుకుంది చిన్నకోడలు.

దుప్పటికి అవతలి నుంచి పెద్దకోడలి గొంతు వచ్చింది. నిద్రగొంతు కాదు. పెరట్లోంచి పక్కింటివాళ్ళని కేకేసే గొంతు.

"వి కాంట్ పుట్ అప్ విత్ ది హీట్."

అంతే. మెషీన్ల దగ్గర్నుంచి సబ్బు బాబాయి, మడతల బల్ల దగ్గర్నుంచి ఆడవాళ్ళు, తలుపు దగ్గర తోపుడుబండి పట్టుకున్నవాళ్ళు, లాండ్రీ మొత్తం ఒక్కసారి అంది. వాక్యం వినబడింది, గది తిరిగి పలికింది. అని, ఏమన్నామో తెలిశాక ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

మేడమ్ తలెత్తి పైకి చూసింది. కళ్ళజోడు లేకపోయినా అంత పెద్ద ఫ్యాను కనబడకుండా పోదు. అది ఎందుకాగిందని అడిగింది. మేనేజరు సరేసార్ వైపు చూశాడు. సరేసార్ నోరు తెరిచాడు. అలవాటైన ఆ ఒక్క మాట తప్ప ఇంకేం దొరకలేదు. "సరే సార్" అని వెళ్ళి, గోళ్ళతో నల్లటేపు పీకి, స్విచ్చి వేశాడు.

ఫ్యాను ముక్కింది, మూలిగింది, తిరిగింది. రెక్కల మీద పేరుకున్న దూదినూగంతా ఒక్కసారిగా ఊడి, చలువచేసిన తెల్లదుప్పట్ల మీదా, కోడళ్ళ నెత్తిమీదా, మేనేజరు కోటు మీదా బూడిదరంగులో రాలింది. ఆనాటి దుప్పట్లన్నీ మళ్ళీ ఉతకాల్సివచ్చింది. ఒక్కరూ విసుక్కోలేదు. గది గాలి పీల్చుకుంటుంటే, వీపుకి అంటుకున్న బట్ట మెల్లగా వదులుతుంటే, చిన్నకోడలు కళ్ళు మూసుకుని అలాగే నిలబడిపోయింది.

మేడమ్ అటు వెళ్ళగానే సరేసార్ ఇటు వచ్చి అందరినీ నిలదీశాడు.

"ఎవరు నేర్పారు మీకిది?"

"ఎవరు నేర్పుతారండీ?" అన్నాడు సబ్బు బాబాయి, చేతులు తుడుచుకుంటూ. "ఒకరు ఇంగ్లీషులో అంటే అందరం అనాలని మీరే కదా క్లాసులో కూర్చోబెట్టారు. అలవాటులో వచ్చేసింది."

సరేసార్ వచ్చినదారినే వెళ్ళిపోయాడు. అలవాటుకి శిక్షేం వేస్తాడు?

సాయంత్రానికి తోటమాలి ఇంకో మనిషిని సాయం పిలుచుకుని పడకకుర్చీలను ఈతకొలను అవతలి ఒడ్డుకి జరిపేశాడు. ఎంతోసేపు పట్టలేదు. కుర్చీలకి చక్రాలు కూడా ఉన్నాయట. ఆ మాట విన్నప్పుడు చిన్నకోడలికి మొదటిసారి ఏడుపొచ్చింది. ఇంత తేలికైన పనికా ఇన్నాళ్ళూ ఉడికిపోయింది?

పెద్దకోడలి విశ్రాంతి గురించి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మేడమ్ వెళ్ళేముందు లాండ్రీలో మనుషుల్ని ఎవర్నీ మార్చొద్దని చెప్పిందని ఒకరన్నారు, అదేం లేదు, మేనేజరే భయపడి ఊరుకున్నాడని ఇంకొకరన్నారు. ఏదైతేనేం. పాఠాలు మాత్రం ఆగిపోయాయి. తువ్వాళ్ళ గదిలో బోర్డు తీసేసి అక్కడ సబ్బుపెట్టెలు పేర్చారు.

"టీచరమ్మ ఇక రారా సార్?" అని అడిగింది చిన్నకోడలు.

"మీకు ఇంగ్లీషు బాగానే వచ్చేసిందట. ఇక అక్కర్లేదన్నారు మేనేజరుగారు."

ఆ పూటంతా చిన్నకోడలికి అదే ధ్యాస. ఆ బొంగురుగొంతు ఇప్పుడు ఎక్కడ చోటు వెతుక్కుంటోందో. మెట్ల మీద వెనక్కి తిరక్కుండా ఆ మాట చెప్పినప్పుడే ఆవిడకి ఇది తెలుసేమో. తెలిసే చెప్పిందేమో. ఒక్కసారి కనబడితే బాగుండనిపించింది. కనబడితే ఏం అనాలో మాత్రం ఏ భాషలోనూ తోచలేదు.

మర్నాడు రోలర్ దగ్గర ఫ్యాను మోతకి చెవులు గళ్ళుపడుతున్నాయి. ఏం మాట్లాడాలన్నా అరవాల్సిందే. దుప్పటికి దుప్పటికి మధ్య చిన్నకోడలు అరిచింది.

"అక్కా! ఆవేళ అన్నావే, దానర్థం నీకు తెలుసా?"

"ఏంటీ?"

"అర్థం! తెలిసే అన్నావా?"

"నాకేం తెలుసే!"

"మరెందుకన్నావు? బాబాయి చెప్పినట్టు అలవాటులోనా?"

పెద్దకోడలు ఇంకో దుప్పటి అందుకుని, తన రెండు కొసలూ వెతికి పట్టుకుంది. నెత్తిమీద ఇంకా ఎక్కడో నూగు అంటుకునే ఉంది.

"నిద్రలో అంటే అలవాటు. మెలకువగా ఉన్నదానికి అలవాటేంటే?" అని అరిచింది. "నీ మొహం చూశాను. ఒక్కదానివే అనేసి నిలబడ్డావు. అందుకన్నాను."

అని, గడ్డం ఎత్తింది.

చిన్నకోడలికి ఎదురుగా ఉన్న గడ్డం సరిగ్గా కనబడలేదు. ఆలస్యంగా వంగింది. దుప్పటి వంకరపోయి, మధ్యలో మడతపడి అవతలికి వెళ్ళింది.

"కళ్ళెక్కడ పెట్టుకున్నావు?" అంది పెద్దకోడలు. చిన్నకోడలు మోచేత్తో కళ్ళు తుడుచుకుని, వెళ్ళి ఆ దుప్పటి తెచ్చి, మళ్ళీ తడిపింది.